పాత బ్లాగు లింకులన్నీ కొత్త డొమైన్‌కి: సర్వర్ లేకుండా క్లౌడ్ ఫంక్షన్‌తో రీడైరెక్ట్ ఎలా?

పాతలింకు | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. బ్లాగర్‌లో సొంత డొమైన్ తగిలించి చాలా ఏళ్లుగా నడుపుతున్న తెలుగు బ్లాగు ఒకటి ఉంది. టపాలు వెయ్యి దాటాయి. వాటన్నిటినీ స్టాటిక్ సైట్‌గా (ముందే తయారుచేసి పెట్టిన ఫైళ్లుగా) మార్చి కొత్త డొమైన్‌లో పెట్టాను. సైటు బాగానే నడుస్తోంది. చిక్కంతా పాత లింకులతోనే.

తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ దాన్నుంచి చిరునామా తయారుచేయదని ఇక్కడ చాలామందికి తెలుసు. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత బ్లాగ్-పోస్ట్ అని, పక్కన ఒక అంకె. అంతే. కొత్త సైట్లో మాత్రం చదివితే అర్థమయ్యే పేర్లు పెట్టాను. పాతదానికీ కొత్తదానికీ పోలికే లేదు కాబట్టి ఒక రెగెక్స్ (అక్షరాల నమూనా) రాసి ఊరుకుంటే తేలే పని కాదు. ప్రతి లింకుకీ జత చెప్పాల్సిందే.

ఈ లింకులు వేరేవాళ్ల బ్లాగుల్లో, వికీపీడియా వ్యాసాల మూలాల్లో ఉన్నాయి. వాటిని నొక్కినవాళ్లు ఖాళీ పేజీ చూడటం నాకు ఇష్టం లేదు. బ్లాగర్ సెట్టింగుల్లో ఉన్న రీడైరెక్ట్ (వచ్చినవాళ్లని వేరే చిరునామాకి పంపడం) ఆ బ్లాగు లోపలి పేజీలకే పనిచేస్తుంది, బయటి డొమైన్‌కి పంపదు. కేవలం దీనికోసం నెలనెలా ఒక సర్వర్ నడపాలనీ లేదు. అమెజాన్ లాంబ్డా, క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ లాంటి క్లౌడ్ ఫంక్షన్లలో (సర్వర్ మనం నడపకుండా, రిక్వెస్టు వచ్చినప్పుడే నడిచే చిన్న కోడ్) దేనితో చేస్తే మంచిది? జాబితా ఎక్కడ పెట్టాలి?

నిదానం | సోమవారం, ఉదయం 9:40

ముందు ఒక ప్రశ్న. అసలు ఫంక్షన్ కావాలా?

కోడ్ రాస్తే దాన్ని చూసుకోవాలి. రన్‌టైమ్ (కోడ్‌ని నడిపే వేదిక) పాతబడుతుంది, మార్చమని మెయిళ్లు వస్తాయి. రూల్‌తో అయ్యే పనికి కోడ్ వద్దు అన్నది నా గట్టి అభిప్రాయం. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే రీడైరెక్ట్స్ ఫైలు ఒకటి పెట్టొచ్చు. వరుసకో జత: పాత దారి, కొత్త చిరునామా, స్టేటస్ కోడ్ (జవాబు ఏ రకమో చెప్పే అంకె). మామూలు జతలు 2000 వరకు, స్టార్ గుర్తు లాంటివి వాడే జతలు 100 వరకు పడతాయి. మీ వెయ్యి టపాలు అందులో సరిపోతాయి. పాత డొమైన్‌ని ఆ ఖాళీ ప్రాజెక్టుకి తగిలిస్తే చాలు.

ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఎస్3 బకెట్‌లో కూడా రీడైరెక్ట్ రూల్స్ ఉన్నాయి కానీ అవి 50కి మించవు. పైగా ఎస్3 వెబ్‌సైట్ ఎండ్‌పాయింట్‌కి హెచ్‌టీటీపీఎస్ లేదు. మీకు పనికిరాదు.

అంచుసర్వర్ | సోమవారం, ఉదయం 10:25

నిదానం గారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. ఉత్త జతలే అయితే ఫైలు చాలు. కానీ బ్లాగర్ నుంచి వచ్చేవాళ్లకి ఇంకొన్ని ఉంటాయి. మొబైల్‌లో తెరిచిన ప్రతి లింకు చివరా ఎం=1 అని ఒక క్వెరీ (చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగం) చేరుతుంది, జనం దాన్ని అలాగే షేర్ చేస్తారు. లేబుల్ పేజీలు సెర్చ్/లేబుల్ కింద తెలుగు అక్షరాలతో ఉంటాయి. నెలవారీ ఆర్కైవ్‌లకి పాతకాలపు చిరునామాలు వేరు, కొత్తవి వేరు. ఫీడ్ చిరునామా ఉంది, దానికి ఆల్ట్ అనే క్వెరీ తగిలించి వాడేవాళ్లున్నారు. పేజెస్ ఫైలు క్వెరీని చూసి నిర్ణయం తీసుకోలేదు. ఇలాంటి చోట చిన్న ఫంక్షన్ బాగా అక్కరకొస్తుంది.

అమెజాన్‌లో మూడు దారులున్నాయి.

ఏపీఐ గేట్‌వే (వెబ్ రిక్వెస్టుల్ని ఫంక్షన్‌కి అందించే సేవ) వెనక లాంబ్డా: ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. పనిచేస్తుంది. కానీ ఒక రీజియన్‌లో (ఒక ప్రాంతపు డేటాసెంటర్లలో) కూర్చుంటుంది, కొంతసేపు ఎవరూ రాకపోతే కోల్డ్ స్టార్ట్ (మళ్లీ లేచేదాకా ఆలస్యం) ఉంటుంది. దారి చూపించడానికే పాఠకుణ్ణి ఆపడం బాగోదు. 2022లో వచ్చిన లాంబ్డా ఫంక్షన్ యూఆర్ఎల్‌తో గేట్‌వే తీసేయొచ్చు కానీ దానికి సొంత డొమైన్ నేరుగా తగిలించలేరు, ముందు క్లౌడ్‌ఫ్రంట్ (పాఠకుడికి దగ్గర్లోని సర్వర్ నుంచి జవాబిచ్చే అమెజాన్ సేవ) పెట్టాల్సిందే.

లాంబ్డా ఎట్ ఎడ్జ్: నోడ్ లేదా పైథాన్‌లో రాయొచ్చు, నెట్‌వర్క్‌తో మాట్లాడొచ్చు. కానీ నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే సృష్టించాలి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండవు, డిలీట్ చేయాలంటే అన్ని చోట్లా ఉన్న ప్రతులు తొలగేదాకా గంటల తరబడి ఆగాలి. రీడైరెక్ట్‌కి ఇంత బరువు అక్కర్లేదు.

క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్స్: 2021లో వచ్చాయి. జావాస్క్రిప్ట్ మాత్రమే. ఒక మిల్లీసెకను లోపు ముగియాలి, కోడ్ 10 కేబీ దాటకూడదు, బయటి నెట్‌వర్క్ లేదు. చూడటానికి ఇరుకుగా ఉంటుంది కానీ రీడైరెక్ట్‌కి సరిగ్గా ఇంతే కావాలి. వెయ్యి జతలు 10 కేబీలో పట్టవు కదా అంటారు. అందుకే 2023 చివర్లో కీవాల్యూస్టోర్ (కీ, దాని విలువ జతలుగా దాచే నిల్వ) తెచ్చారు. ఒక్కో స్టోరు 5 ఎంబీ. జాబితా అందులో, నిర్ణయం ఫంక్షన్‌లో. జాబితా మార్చినప్పుడల్లా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

నేనైతే మూడోదే ఎంచుకుంటాను.

చిన్నఫంక్షన్ | సోమవారం, ఉదయం 11:03

క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌ని మర్చిపోవద్దు. ఉచిత ప్లాన్‌లో రోజుకి లక్ష రిక్వెస్టులు. ఒక పాత బ్లాగుకి అంతకంటే ఎక్కువ రావు. జాబితాని వర్కర్స్ కేవీలో (అక్కడి కీ-విలువల నిల్వ) పెట్టొచ్చు, లేదా వెయ్యి జతలే కాబట్టి కోడ్‌తో పాటు జేసన్ ఫైలుగా కట్టేయొచ్చు. కేవీలో మార్పు చేస్తే లోకమంతా పాకడానికి 60 సెకన్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. రీడైరెక్ట్ జాబితాకి అది అడ్డేమీ కాదు.

ఒక చిన్న విషయం. వర్కర్‌లో రెస్పాన్స్ డాట్ రీడైరెక్ట్ అనే తయారు పద్ధతి వాడితే వచ్చే జవాబుకి హెడర్లు (జవాబుతో పాటు వెళ్లే వివరాలు) మార్చలేం, అవి ముద్ర వేసినట్టే. క్యాష్-కంట్రోల్ (బ్రౌజర్ జవాబుని ఎంతసేపు దాచుకోవాలో చెప్పే హెడర్) తగిలించబోతే ఎర్రర్ వస్తుంది. కొత్త రెస్పాన్స్ మనమే కట్టి, స్టేటస్ 301 ఇచ్చి, కొత్త చిరునామా చెప్పే లొకేషన్ హెడర్ పక్కనే క్యాష్-కంట్రోల్ కూడా పెట్టుకోవాలి. అది ఎందుకు ముఖ్యమో ఎవరైనా చెప్తారు, 301 గురించి ఇంకా మాట్లాడలేదుగా.

అచ్చుతప్పు | సోమవారం, మధ్యాహ్నం 12:20

నేను చెప్తాను తమ్ముడూ.

301 అంటే "శాశ్వతంగా మారిపోయింది" అని. ఆ మాటని బ్రౌజర్ మనస్ఫూర్తిగా నమ్ముతుంది. గడువు చెప్పకపోతే ఎన్నాళ్లయినా దాచుకుంటుంది. రేపు ఒక జత తప్పని తెలిసి సరిదిద్దినా, అప్పటికే వచ్చి వెళ్లిన పాఠకుడి బ్రౌజర్ మళ్లీ మీ ఫంక్షన్‌ని అడగదు. పాత తప్పు చోటికే పోతుంది. మన చేతిలో ఏమీ ఉండదు.

అందుకే మొదట 302తో ("తాత్కాలికంగా మారింది" అని) విడుదల చేయండి. జాబితా అంతా పరీక్షించాక 301కి మార్చండి. మార్చాక కూడా క్యాష్-కంట్రోల్‌లో గడువు పెట్టండి, మొదట్లో ఒక గంట, కుదురుకున్నాక ఒక రోజు. గడువు పెట్టినంత మాత్రాన అది శాశ్వతం కాకుండా పోదు. సెర్చ్ ఇంజిన్ చూసేది స్టేటస్ కోడ్‌ని.

తాత్కాలికానికి 307, శాశ్వతానికి 308 కూడా ఉన్నాయి. 301, 302 ఇస్తే పోస్ట్ (సమాచారం పంపే) పద్ధతిలో వచ్చిన రిక్వెస్టుని చాలా బ్రౌజర్లు గెట్‌గా (పేజీ అడిగేదిగా) మార్చేస్తాయి, ఫారంలో పంపిన సమాచారం పోతుంది. 307, 308 పద్ధతిని మార్చనివ్వవు. ఏపీఐలు తరలించేటప్పుడు 308 తప్పనిసరి. బ్లాగు టపాలకి 301 చాలు.

నిదానం | సోమవారం, మధ్యాహ్నం 12:41

ఎప్పుడూ 308 వాడితే పోలేదా? రెండూ శాశ్వతమే, 308 ఇంకా స్పష్టం.

అచ్చుతప్పు | సోమవారం, మధ్యాహ్నం 1:05

బ్రౌజర్ల వరకైతే మీ మాట నిజమే. కానీ పాత ఫీడ్ రీడర్లు, ఎప్పుడో రాసిన స్క్రిప్టులు ఉంటాయి. 308 ఆర్‌ఎఫ్‌సీలోకి (ఇంటర్నెట్ నియమాల పత్రాల్లోకి) వచ్చింది 2014లో. అంతకుముందు రాసిన ప్రోగ్రాముకి ఆ అంకె తెలియకపోతే ఆగిపోతుంది. ఇంత పాత బ్లాగుని ఫీడ్‌లో చదివేవాళ్ల దగ్గర ఏ రీడర్ ఉందో మనకి తెలియదు. 301 అందరికీ తెలుసు. కోల్పోయేదేమీ లేనప్పుడు అదే మేలు.

పాతలింకు | సోమవారం, మధ్యాహ్నం 2:30

చాలా సంతోషం, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్, కీవాల్యూస్టోర్ దారిలో వెళ్దామనుకుంటున్నాను. కొత్త సైటు ఇప్పటికే క్లౌడ్‌ఫ్రంట్ మీద ఉంది కాబట్టి ఖాతా, పద్ధతి అలవాటే.

రెండు అనుమానాలు. పాత డొమైన్ కోసం డిస్ట్రిబ్యూషన్ (క్లౌడ్‌ఫ్రంట్‌లో ఒక సైటు అమరిక) పెడితే ఆరిజిన్ (వెనక అసలు పేజీలుండే చోటు) ఏమివ్వాలి? వెనక ఏ సర్వరూ లేదు కదా. రెండోది, జాబితాలో లేని దారి వస్తే ఏం చేయాలి? కొత్త సైటు హోమ్ పేజీకి పంపేస్తే సరిపోతుందా?

అంచుసర్వర్ | సోమవారం, మధ్యాహ్నం 3:15

ఆరిజిన్ గడి ఖాళీగా వదలనివ్వదు, కాబట్టి మీ కొత్త డొమైన్ పేరే ఇవ్వండి. ఫంక్షన్‌ని వ్యూయర్ రిక్వెస్ట్ దగ్గర (పాఠకుడి రిక్వెస్టు అందగానే) తగిలించి ప్రతి దారికీ అక్కడే జవాబిస్తే ఆరిజిన్ దాకా ఏదీ వెళ్లదు.

జాబితాలో లేనివాటిని హోమ్ పేజీకి పంపొద్దు. ఫలానా టపా కోసం వచ్చిన మనిషి ముందు హోమ్ పేజీ పెడితే, తనకి కావలసింది ఉందో పోయిందో అతనికి తెలియదు. గూగుల్ కూడా అలాంటివాటిని సాఫ్ట్ 404గా (పేజీ లేకపోయినా ఉన్నట్టు చెప్పే జవాబుగా) లెక్కేస్తుంది. నిజంగా తీసేసిన టపాలకి 410 ("తీసేశాం") ఇవ్వండి. తెలియని దారులకి 404 ("దొరకలేదు") ఇచ్చి, ఫంక్షన్ నుంచే నాలుగు ముక్కల హెచ్‌టీఎంఎల్ పంపండి: బ్లాగు కొత్త చోటికి మారింది, ఇదీ వెతుకుడు పేజీ, ఇదీ ఆర్కైవ్.

ఫంక్షన్ లోపలి వరుస మాటల్లో చెప్తాను. రిక్వెస్ట్ నుంచి దారి తీసుకో. చివర స్లాష్ ఉంటే తీసేయ్. ఫీడ్, లేబుల్, ఆర్కైవ్ అనే మూడు రకాల్లో ఒకటైతే వాటి నియమం ప్రకారం కొత్త చిరునామా కట్టు. కాకపోతే స్టోరులో వెతుకు. దొరికితే 301, లేకపోతే 404. ముప్పై వరుసలు కూడా ఉండదు.

తప్పకుండా తగిలే రాళ్లు కొన్ని ఉన్నాయి. స్టోరులో కీ లేకపోతే గెట్ ఖాళీ విలువ ఇవ్వదు, ఎర్రర్ విసురుతుంది. ఎర్రర్‌ని పట్టుకునే ట్రై-క్యాచ్ లేకపోతే పాఠకుడికి 503 (సేవ అందడం లేదు) కనిపిస్తుంది. స్టోరు వాడాలంటే రన్‌టైమ్ 2.0 ఎంచుకోవాలి. హెడర్ పేర్లు చిన్నక్షరాల్లోనే ఉండాలి, విలువని వాల్యూ అనే గడిలో పెట్టాలి. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో చాలావరకు లాంబ్డా ఎట్ ఎడ్జ్‌వి. వాటిలో స్టేటస్ మాటగా ఉంటుంది, హెడర్లు జాబితాలుగా ఉంటాయి. ఇక్కడ స్టేటస్‌కోడ్ అంకెగా ఉండాలి. ఆ కోడ్ తెచ్చి ఇక్కడ అతికిస్తే నడవదు.

డీఎన్ఎస్_బాబాయ్ | సోమవారం, సాయంత్రం 5:50

ఫంక్షన్ ఎంత బాగున్నా పాత డొమైన్ దాన్ని చేరకపోతే లాభం లేదు. ఆ భాగం నేను చెప్తాను.

డీఎన్‌ఎస్‌కి దారులు తెలియవు. అది పేరుకి చిరునామా చెప్తుంది, అంతవరకే. కాబట్టి పాత డొమైన్‌ని క్లౌడ్‌ఫ్రంట్ వైపు తిప్పాలి, దాని పేరు మీద సర్టిఫికెట్ కూడా ఉండాలి. రీడైరెక్టే కదా, పాత డొమైన్‌కి సర్టిఫికెట్ ఎందుకు అంటారు చాలామంది. హెచ్‌టీటీపీఎస్ లింకు నొక్కితే ముందు సర్టిఫికెట్ చూశాకే బ్రౌజర్ మన జవాబు చదువుతుంది. అది లేకపోతే ఎర్ర హెచ్చరిక, రీడైరెక్ట్ దాకా రానే రాదు. క్లౌడ్‌ఫ్రంట్‌కి వాడే సర్టిఫికెట్ నార్త్ వర్జీనియా రీజియన్‌లో తీసుకోవాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ అందులో చేర్చండి.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని ఉత్త డొమైన్‌కి సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి చూపే రికార్డు) పెట్టడం కుదరదు. అమెజాన్ డీఎన్‌ఎస్ అయిన రూట్ 53లో ఏలియస్ రికార్డు ఉంది, క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్‌లో సీనేమ్ ఫ్లాటెనింగ్ ఉంది. మీ డీఎన్‌ఎస్‌లో ఈ రెండు రకాల్లో ఏదీ లేకపోతే డీఎన్‌ఎస్ మార్చుకోవాలి.

ఇప్పుడు బ్లాగర్ కోసం పెట్టిన రికార్డులు ఉంటాయి: 216.239తో మొదలయ్యే నాలుగు ఏ రికార్డులు (పేరుకి ఐపీ చెప్పేవి), గూగుల్‌కి వెళ్లే ఒక సీనేమ్. అవి తీసేయాలి. ఎప్పుడైనా క్వాడ్-ఏ రికార్డులు (ఐపీవీ6 చిరునామా చెప్పేవి) కూడా చేర్చి ఉంటే వాటినీ చూడండి. ఐపీవీ6 ఉన్నవాళ్లు మాత్రమే పాత చోటికి పోతుంటే కారణం పట్టుకోవడం కష్టం. మార్చడానికి ఒక రోజు ముందు టీటీఎల్ (రికార్డుని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) తగ్గించి పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. బ్లాగర్ సెట్టింగుల్లో సొంత డొమైన్ తీసేయకండి బాబూ. అది ఉన్నంతకాలం మీ బ్లాగ్‌స్పాట్ చిరునామాకి (బ్లాగర్ మొదట ఇచ్చినది) వచ్చినవాళ్లని బ్లాగర్ మీ సొంత డొమైన్‌కి పంపుతూనే ఉంటుంది. అక్కడినుంచి మీ ఫంక్షన్ కొత్త సైటుకి పంపుతుంది. తీసేస్తే బ్లాగ్‌స్పాట్ లింకులన్నీ పాత ప్రతి దగ్గరే ఆగిపోతాయి.

పాతలింకు | సోమవారం, సాయంత్రం 6:22

బ్లాగ్‌స్పాట్ సంగతి నాకు తట్టనే లేదు బాబాయ్ గారూ! మొదటి రెండేళ్ల లింకులన్నీ అవే. చాలా పెద్ద మేలు చేశారు.

కొత్తకలం | సోమవారం, రాత్రి 8:10

ఇదే పని నాకూ ఉంది కానీ నాది వర్డ్‌ప్రెస్. అక్కడ చిరునామాల్లో తెలుగు అక్షరాలే ఉన్నాయి. ఫంక్షన్‌లో తెలుగు దారిని అలాగే రాసి పోల్చితే ఒక్కటీ దొరకడం లేదు. జాబితాలో కంటికి రెండూ ఒకటే. ఏమై ఉంటుంది?

అచ్చుతప్పు | సోమవారం, రాత్రి 9:02

దీని మీద కాస్త పొడుగ్గా రాస్తాను, తెలుగు సైట్లకి అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ గైడ్లలో దీని ఊసే ఉండదు.

మొదటిది. బ్రౌజర్ పైన పట్టీలో తెలుగు చూపిస్తుంది కానీ సర్వర్‌కి పంపేది పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో. తెలుగులో ప్రతి అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు. ఒక్కో బైటుకి పర్సెంట్ గుర్తు, రెండు హెక్స్ అంకెలు (0-9, ఎ-ఎఫ్). అంటే ఒక్కో గుర్తుకి తొమ్మిది అక్షరాలు. మీ ఫంక్షన్‌కి అందేది ఆ పొడుగాటి రూపం. మీరు పోల్చేది తెలుగుతో. కలవవు. పోల్చే ముందు డీకోడ్ చేయాలి (తిరిగి తెలుగులోకి మార్చాలి). చెడిపోయిన పర్సెంట్ గుర్తులతో ఎవరైనా వస్తే డీకోడ్ చేసే ఫంక్షనే ఎర్రర్ విసురుతుంది, దాన్ని కూడా ట్రై-క్యాచ్‌లో పెట్టండి.

డీకోడ్ చేయకుండా ఎన్‌కోడ్ రూపాన్నే కీగా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. క్లౌడ్‌ఫ్రంట్ స్టోరులో కీ పరిమితి 512 బైట్లు. తొమ్మిదేసి చొప్పున 56 గుర్తులకే నిండిపోతుంది. డీకోడ్ రూపంలో మూడేసి బైట్లు కాబట్టి 170 దాకా పడతాయి. పైగా ఎన్‌కోడ్ రూపంలో హెక్స్ అక్షరాలు ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి రావచ్చు. అర్థం ఒకటే అయినా పోల్చితే వేరు.

రెండోది. వర్డ్‌ప్రెస్ ఆ పర్సెంట్ రూపాన్ని 200 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. అంటే తెలుగులో ఇరవై రెండు గుర్తులు. అందుకే పొడుగు శీర్షికల చిరునామాలు మధ్యలో తెగినట్టుంటాయి. మీ జాబితాని శీర్షికల నుంచి తయారుచేస్తే అసలు చిరునామాతో కలవదు. సైట్‌మ్యాప్ నుంచి గానీ డేటాబేసులోని స్లగ్ (చిరునామాలో వాడే టపా పేరు) నుంచి గానీ తీసుకోండి.

మూడోది, కంటికి కనిపించనిది. "సాఫ్ట్‌వేర్" అని రాస్తే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. వేరే చోట అతికించినప్పుడు అది రాలిపోవచ్చు. లింకులో ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే మనిషికి తేడా తెలియదు, ఫంక్షన్‌కి రెండూ వేర్వేరు దారులు. కీలు తయారుచేసేటప్పుడూ, వచ్చిన దారిని పోల్చేముందూ రెండుచోట్లా ఆ గుర్తుని తీసేయండి. అలాగే యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్ రూపాల్ని ఒకటి చేయడం) ఎన్‌ఎఫ్‌సీ రూపంలో చేయండి.

ఇవన్నీ చేశాక చివర లొకేషన్ హెడర్‌లో పెట్టే కొత్త చిరునామాని మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. హెడర్‌లో తెలుగు అక్షరాలు నేరుగా పెట్టకూడదు.

కొత్తకలం | సోమవారం, రాత్రి 10:35

అక్కా, డీకోడ్ చేసి ఆ గుర్తు తీసేసరికి దాదాపు అన్నీ కలిశాయి! మిగిలినవి కత్తిరించిన చిరునామాలే. రేపు స్లగ్‌లు డేటాబేసు నుంచి తీస్తాను.

లాగ్‌చూడు | మంగళవారం, ఉదయం 7:48

భద్రత గురించి ఎవరూ అనలేదు. రీడైరెక్ట్ ఫంక్షన్ రాసేవాళ్లు "గమ్యం" అనే క్వెరీ తీసుకుని అది ఎటు చెప్తే అటు పంపేలా రాస్తుంటారు. దయచేసి అలా చేయకండి. మీ డొమైన్ పేరు చూసి నమ్మి నొక్కినవాణ్ణి ఎవరైనా దొంగ సైటుకి పంపొచ్చు. దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు, భద్రతా లోపాల పట్టికలో సీడబ్ల్యూఈ-601. గమ్యం ఎప్పుడూ మన జాబితా నుంచే రావాలి.

చాటుగా వచ్చేది ఇంకోటుంది. చివరి స్లాష్ తీసేసి, డొమైన్ లేకుండా ఉత్త దారినే లొకేషన్‌లో పెట్టారనుకోండి. దారి రెండు స్లాష్‌లతో మొదలై పక్కన ఒక డొమైన్ పేరు ఉంటే బ్రౌజర్ దాన్ని వేరే సైటుగా చదువుతుంది. ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్ నుంచి మొదలుపెట్టి కొత్త డొమైన్ పూర్తి పేరుతో రాయండి.

చిన్నఫంక్షన్ | మంగళవారం, ఉదయం 9:15

క్వెరీల సంగతి కూడా తేల్చుకోవాలి. ఎం=1 పారేయొచ్చు. యూటీఎంతో మొదలయ్యేవి ఉంచితే ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్‌లో క్వెరీ ఒకే వాక్యంగా రాదు, విడదీసిన ఆబ్జెక్టుగా వస్తుంది. ఒకే పేరు రెండుసార్లు వస్తే మల్టీవాల్యూ అనే చోట ఉంటుంది. మనమే మళ్లీ కుట్టాలి. వర్కర్‌లో యూఆర్ఎల్ ఆబ్జెక్టు ఉంది కాబట్టి ఆ పని తేలిక.

హ్యాష్ తర్వాతి భాగం, అంటే వ్యాఖ్య దగ్గరికి తీసుకెళ్లే ముక్క, సర్వర్‌కి రానే రాదు. లొకేషన్‌లో మనం హ్యాష్ పెట్టకపోతే బ్రౌజరే పాతదాన్ని కొత్త చిరునామాకి తగిలిస్తుంది. కాబట్టి వ్యాఖ్యల ఐడీలు కొత్త సైట్లో అలాగే ఉంచితే ఆ లింకులు వాటంతటవే పనిచేస్తాయి.

పాతలింకు | మంగళవారం, సాయంత్రం 4:40

ఫంక్షన్ రాశాను, జాబితా స్టోరులోకి ఎక్కించాను. డీఎన్‌ఎస్ ఇంకా తిప్పలేదు. తిప్పకముందే పరీక్షించే దారి ఉందా? తిప్పాక ఏదైనా తేడా వస్తే అనే టెన్షన్ ఉంది.

అంచుసర్వర్ | మంగళవారం, సాయంత్రం 5:05

ఉంది. కన్సోల్‌లో ఫంక్షన్‌కి టెస్ట్ ట్యాబ్ ఉంటుంది, ఒక్కో దారి ఇచ్చి జవాబు చూడొచ్చు. అక్కడే కంప్యూట్ యుటిలైజేషన్ అని 0 నుంచి 100 మధ్య అంకె చూపిస్తుంది. అది ఎక్కువగా ఉంటే మీ కోడ్ సమయపు గోడకి దగ్గరగా ఉందని అర్థం.

అసలు పరీక్ష కర్ల్‌తో (కమాండ్ ఇచ్చి చిరునామాని అడిగే సాధనం). పాత డొమైన్‌ని డిస్ట్రిబ్యూషన్‌కి చేర్చి సర్టిఫికెట్ తగిలించాక, కర్ల్‌లో రిజాల్వ్ ఆప్షన్‌తో "ఈ పేరుకి ఈ ఐపీ" అని మీరే చెప్పొచ్చు. డీఎన్‌ఎస్ తిప్పకుండానే క్లౌడ్‌ఫ్రంట్ దగ్గరికి వెళ్తుంది. జాబితా మొత్తం ఒక స్క్రిప్టుతో తిప్పండి. ప్రతిదానికీ రెండు చూడాలి: లొకేషన్ సరైనదేనా, ఆ లొకేషన్‌కి వెళ్తే 200 ("పేజీ ఉంది") వస్తోందా. రెండోది చాలామంది వదిలేస్తారు. రీడైరెక్ట్ సరిగానే జరిగి, చేరిన చోట 404 ఉంటే ఏం లాభం?

హాప్‌లు (వరుసగా జరిగే రీడైరెక్ట్‌లు) కూడా లెక్కపెట్టండి. పాత హెచ్‌టీటీపీ లింకు నుంచి పాత హెచ్‌టీటీపీఎస్‌కి, అక్కడినుంచి కొత్త డొమైన్‌కి, అక్కడ స్లాష్ కోసం ఇంకోటి, ఇలా పోగవుతాయి. డిస్ట్రిబ్యూషన్‌లో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ రెండూ అనుమతించి, ఫంక్షన్ నుంచే చివరి చిరునామాకి ఒక్క హాప్‌లో పంపండి. జాబితాలో చివరి స్లాష్ కొత్త సైట్ అలవాటు ప్రకారం ఉండేలా చూడండి.

లాగ్‌చూడు | మంగళవారం, సాయంత్రం 6:30

తిప్పాక మొదటి కొన్ని వారాలు 404 వచ్చిన దారుల్ని లాగ్‌లో రాయండి. మీరు ఊహించని లింకులు అక్కడే బయటపడతాయి: చివర చుక్క అతుక్కున్నవి, కుండలీకరణం మూసినవి, పాత ఆర్కైవ్ పేజీలు. క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్ లాగులు ఎప్పుడూ నార్త్ వర్జీనియా క్లౌడ్‌వాచ్‌లోనే (అమెజాన్ లాగుల సేవ) పడతాయి. వేరే రీజియన్‌లో వెతికి లాగులు రావడం లేదనుకోకండి.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు సాధనం ఉంది. అది వాడాలంటే పాత డొమైన్ మీదేనని రుజువు ఉండాలి. ఇప్పుడు ఆ రుజువు బ్లాగు టెంప్లేటులోని మెటా ట్యాగు అయితే, రీడైరెక్ట్ మొదలవగానే పోతుంది. ముందే డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డుతో నిరూపించుకోండి.

పాతలింకు | బుధవారం, ఉదయం 8:20

టీఎక్స్‌టీ రికార్డు పెట్టాను. స్క్రిప్టు తిప్పితే కొన్ని టపాలకి చేరిన చోట 404 వచ్చింది, కొత్త సైట్లో పేర్లు మారినవి. వాటిని సరిచేసి 302తో డీఎన్‌ఎస్ తిప్పాను. బ్లాగ్‌స్పాట్ లింకు, పాత హెచ్‌టీటీపీ లింకు, ఎం=1 ఉన్న లింకు, మూడూ సరైన టపాకే వెళ్తున్నాయి. పదిహేనేళ్ల కిందటి ఒక మిత్రుడి టపాలోంచి నొక్కి చూశాను, నేరుగా వచ్చింది. ఎంత హాయిగా ఉందో!

చివరి ప్రశ్న. ఈ పాత డొమైన్‌ని ఎన్నాళ్లు ఉంచుకోవాలి?

డీఎన్ఎస్_బాబాయ్ | బుధవారం, ఉదయం 9:00

గూగుల్ చెప్పేది కనీసం ఏడాది. అది సెర్చ్ కోసం. వేరేవాళ్ల టపాల్లో ఉన్న లింకులకి గడువు లేదు, కాబట్టి మీకు వీలైనంత కాలం రెన్యూ చేస్తూ ఉండండి. వదిలేస్తే ఎవరైనా కొనుక్కుని మీ పాఠకుల్ని తమ ప్రకటనల పేజీకి తీసుకెళ్తారు. వికీపీడియా మూలాల్లో ఉన్న లింకులైతే వాళ్లకి ఇంకా ఇష్టం.

సర్టిఫికెట్ కోసం డీఎన్‌ఎస్‌లో పెట్టిన ధృవీకరణ సీనేమ్ ఉంది చూడండి, పని అయిపోయింది కదా అని దాన్ని తుడిచేయకండి. ప్రతిసారీ రెన్యువల్‌కి అమెజాన్ దాన్నే వెతుకుతుంది. ఆ పక్కన ఇదెందుకో ఒక ముక్క రాసి పెట్టుకోండి.